సున్నితమైన బట్టలపై జిగట మరకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పట్టు, ఉన్ని, షిఫాన్, లేసు, వెల్వెట్ వంటి బట్టలపై తేనె ఒలికినా, చూయింగ్ గమ్ అంటుకున్నా, కొవ్వొత్తి మైనం కారినా మనలో చాలామంది ముందుగా చేసే పని తడిగుడ్డ తీసుకుని గట్టిగా రుద్దడం. నా చేతికి వచ్చిన పాడైన బట్టల్లో ఎక్కువ భాగం మరక వల్ల పాడైనవి కావు, ఆ రుద్దుడు వల్ల పాడైనవి. ఏ జిగట ఏ పోగు మీద పడిందో తెలుసుకున్నాకే చెయ్యి వేయాలన్నది ఈ పుటలోని సమాధానాలన్నింటికీ ఆధారం.

జిగట మరకలన్నింటికీ ఒకే మందు ఎందుకు పనిచేయదు?

చేతికి ఒకేలా అంటుకున్నా ఈ మరకలు లోపల ఒకటి కావు. తేనె, జామ్, చక్కెర పాకం, తీపి పానీయాలు చక్కెర జిగట; అవి నీటిలో కరుగుతాయి. కొవ్వొత్తి మైనం నీటిని దగ్గరకు రానివ్వదు, వేడికి మాత్రం కరుగుతుంది. చూయింగ్ గమ్ లోనూ, స్టిక్కర్ల, టేపుల జిగురులోనూ ఉండేవి రబ్బరును పోలిన సాగే పదార్థాలు. వాటికి నీటితో పని లేదు, చల్లదనానికి గట్టిపడతాయి, నూనెకూ కొన్ని ద్రావకాలకూ మెత్తబడతాయి. తెల్ల జిగురు, సూపర్ గ్లూ, నెయిల్ పాలిష్ అయితే పోసినప్పుడు ద్రవాలు, ఆరిన తరువాత పోగుల చుట్టూ గట్టిపడిన ప్లాస్టిక్ పొరలు. చెట్టు బంక సంగతి మళ్ళీ వేరు. ఎండిన తేనె మీద నూనె రాస్తే మరక రెండింతలవుతుంది, మైనం మీద నీళ్ళు పోస్తే మైనం అలాగే ఉండి బట్ట మాత్రం తడుస్తుంది.

మరక ఏదో తెలియనప్పుడు వేలితో తాకి, వాసన చూసి, ఒక తడి దూది కొసను అంచున కొన్ని క్షణాలు ఆనించి చూడండి. దూదికి జిగట అంటి వస్తే అది నీటిలో కరిగేదే. ఏమీ రాకపోతే నీళ్ళు పోయడం అక్కడితో మానేయాలి.

ఏయే బట్టలను సున్నితమైనవిగా చూడాలి?

పలుచగా ఉన్నంత మాత్రాన బట్ట సున్నితమైనది అనుకోవడం పొరపాటు. పలుచని నూలుబట్ట మీరు ఊహించినదానికంటే గట్టిది, పైగా నూలు పోగు తడిసినప్పుడు ఇంకా బలపడుతుంది. విస్కోస్ రేయాన్ దీనికి పూర్తిగా విరుద్ధం: తడిస్తే తన బలంలో సుమారు సగం కోల్పోతుంది కనుక, పొడిగా ఉన్నప్పుడు దిట్టంగా కనిపించిన బట్టే తడిసి ఉన్నప్పుడు పిండితే చిరుగుతుంది. పట్టు, ఉన్ని రెండూ ప్రోటీన్ పోగులు. క్షారగుణం ఉన్న సబ్బులు, వాషింగ్ సోడా వాటికి పడవు. క్లోరిన్ బ్లీచ్ అయితే వాటిని కరిగించేస్తుంది. ఉన్నికి మరొక చిక్కు కూడా ఉంది. వేడి, తడి, కదలిక మూడూ కలిసినప్పుడు దాని పోగుల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట గట్టిపడి కుంచించుకుపోతుంది, ఆ తరువాత దాన్ని పాత కొలతకు తేవడం దాదాపు అసాధ్యం.

పాలిస్టర్ షిఫాన్, జార్జెట్ వంటివి నీటికి, చాలా ద్రావకాలకు బాగానే తట్టుకుంటాయి, భయపడవలసింది ఇస్త్రీపెట్టె వేడికి. అసిటేట్ అనే పోగు మాత్రం అన్నింటికంటే మోసకారి. చూడటానికి పట్టులా మెరుస్తుంది, కోట్ల లోపలి లైనింగులలోనూ వేడుక దుస్తులలోనూ ఎక్కువగా కనిపిస్తుంది, కానీ నెయిల్ పాలిష్ రిమూవర్లలో ఉండే అసిటోన్ అనే ద్రావకం తగిలితే కరిగిపోతుంది. దీని గురించి కింద ఒక చేదు అనుభవం చెబుతాను.

లేబుల్ మీది గుర్తులు నిజంగా అంత ముఖ్యమా?

ముఖ్యమే, ఎందుకంటే పోగు పేరు మనకు తెలియనప్పుడు దారి చూపేది అదొక్కటే. నీళ్ళ తొట్టి బొమ్మలో చెయ్యి ఉంటే చేత్తో మాత్రమే ఉతకాలని, తొట్టి మీద అడ్డగీతలు ఉంటే నీటితో ఉతకకూడదని అర్థం. త్రిభుజం బ్లీచ్‌కు సంబంధించినది. ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే అడుగు వేడి 110 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, రెండు చుక్కలకు 150, మూడు చుక్కలకు 200 డిగ్రీలు హద్దు. వృత్తం గుర్తు డ్రైక్లీనింగ్ చేసేవారి కోసం. దానిలోని అక్షరం ఏ ద్రావకం వాడవచ్చో వారికి చెబుతుంది. తొట్టి మీద అడ్డగీతలు ఉండి వృత్తం మాత్రం మామూలుగా ఉంటే, ఇంట్లో మీరు చేయదగినది పైపైన ఉన్న జిగటను పొడిగా తీయడం వరకే.

లేబుల్ కత్తిరించి పారేసి ఉంటే, లోపలి కుట్టులో దాగిన చిన్న ముక్క మీద పరీక్ష చేయడం తప్ప వేరే మార్గం లేదు.

ఆ పరీక్ష ఎలా చేయాలి?

పైకి కనిపించని చోటు ఎంచుకోండి. లోపలి కుట్టు మడత, అంచు లోపలి భాగం, జేబు లోపలి వైపు ఇందుకు పనికివస్తాయి. మీరు వాడబోయే ద్రవాన్ని, అది వట్టి నీరైనా సరే, ఒక్క చుక్క అక్కడ వేసి, తెల్లని నూలుగుడ్డను దాని మీద పెట్టి వేలితో నొక్కి ఉంచండి. ఐదు నిమిషాలయ్యాక మూడు సంగతులు చూడాలి: గుడ్డకు రంగు అంటిందా, బట్ట మెరుపు తగ్గిందా, పోగు వేలికి మెత్తగా గానీ జిగటగా గానీ తగులుతోందా. అక్కడితో ఆగకుండా ఆ చోటు పూర్తిగా ఆరే వరకు ఓపిక పట్టండి. తడిగా ఉన్నప్పుడు కనిపించని వలయం ఆరిన తరువాతే బయటపడుతుంది.

మరక పడిన వెంటనే మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

బట్టను ఒంటి మీద ఉంచుకునే పని చేయవద్దు. వీలైతే విప్పి, బల్ల మీద పరిచి, మరక కింద మడిచిన తెల్ల తువ్వాలు పెట్టండి. గట్టి ముద్ద ఉంటే చెంచా వెనుక అంచుతో గానీ పాత ప్లాస్టిక్ కార్డుతో గానీ, బయటి నుంచి మధ్యకు, బట్టను లాగకుండా ఎత్తి తీయండి. కత్తి వద్దు, వేలిగోరు కూడా వద్దు. పట్టులో ఒక్క పోగు తెగితే ఆ గీత మరకకంటే స్పష్టంగా కనిపిస్తుంది. మిగిలిన తడిని పొడి గుడ్డతో అద్ది పీల్చండి.

వేడి నీళ్ళు, హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీపెట్టె, ఎండ, ఈ నాలుగింటినీ ఆ సమయంలో దూరంగా ఉంచాలి. జిగట ఏదో తేలకుండా వేడి తగిలించడం అంటే దానిని పోగులోకి స్వయంగా మనమే దింపడం.

రుద్దకూడదని అందరూ అంటారు. కొద్దిగా రుద్దితే నిజంగా ఏమవుతుంది?

పట్టు దారాన్ని దగ్గరగా చూస్తే అది సన్నని నూగుపోగుల కట్ట. తడిగా ఉన్నప్పుడు రాపిడి తగిలితే ఆ నూగుపోగులు విడిపోయి పైకి లేస్తాయి, వెలుతురు అక్కడ పడినప్పుడు చెదిరిపోతుంది, ముదురు రంగు బట్ట మీద సున్నం రాసినట్టు తెల్లని మచ్చ కనిపిస్తుంది. రంగు పోయిందనుకుని చాలామంది బాధపడతారు గానీ రంగు అక్కడే ఉంటుంది, పోయింది నునుపుదనం. దానిని తిరిగి తీసుకురావడం ఇంట్లో సాధ్యం కాదు. వెల్వెట్‌లో నూగు అణిగిపోతుంది, ఉన్నిలో పోగులు ముద్దకడతాయి, లేసులో అల్లిక జరిగిపోతుంది.

అందుకే ఎప్పుడైనా అద్దాలి. గుడ్డను నిలువుగా దించి, ఒత్తి, నిలువుగా ఎత్తాలి. ఎత్తిన ప్రతిసారీ గుడ్డలో శుభ్రమైన భాగం కిందికి రావాలి. లేకపోతే ఒక చోట తీసిన జిగటను పక్కన పూసినట్టవుతుంది.

తేనె, జామ్, తీపి పానీయం పడితే ఎలా తీయాలి?

ఇవి అన్నింటికంటే సులువైనవి, అందుకే అన్నింటికంటే ఎక్కువగా అశ్రద్ధకు గురయ్యేవి. చక్కెర నీటిలో కరుగుతుంది కాబట్టి గోరువెచ్చని నీరే ప్రధానమైన మందు. గోరువెచ్చన అంటే మణికట్టు లోపలివైపు పోసుకుంటే వెచ్చదనం అంతగా తెలియనంత. బట్టను తిరగేసి, మరక ఉన్న ముఖం కింది తువ్వాలుకు ఆనేలా పెట్టి, వెనుక నుంచి తడిగుడ్డతో అద్దండి. అప్పుడు జిగట వచ్చిన దారినే బయటకు పోతుంది. ఆ తరువాత ఒక గిన్నె నీటిలో క్షారగుణం లేని ద్రవ డిటర్జెంట్ కొన్ని చుక్కలు కలిపి మళ్ళీ అద్ది, మంచినీటితో రెండు మూడు సార్లు జాడించాలి. జామ్‌లో పండు రంగు కూడా ఉంటుంది కనుక చక్కెర పోయాక గులాబీ ఛాయ మిగలవచ్చు. ఒక చెంచాడు తెల్ల వెనిగర్‌ను నాలుగు చెంచాల నీటిలో కలిపి, పరీక్ష చేసిన తరువాతే, దానిని అద్ది చూడవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రంగులేని తీపి పానీయం పడి ఆరిపోతే ఏ మరకా కనిపించదు. ఏమీ కాలేదని బట్టను మడిచి పెట్టేస్తాం. ఒకసారి నా తెల్లని పట్టు స్కార్ఫ్ మీద అలాగే పడింది, ఆరిపోయింది, నేను మరిచిపోయాను. కొన్ని నెలల తరువాత ఇస్త్రీ చేస్తుంటే పెట్టె కదిలిన దారి వెంట లేత గోధుమరంగు చుక్కలు ఒక్కొక్కటిగా పైకి తేలాయి, ఫోటో కడిగినప్పుడు బొమ్మ వచ్చినట్టు. అది పోగులో ఉండిపోయిన చక్కెర వేడికి మాడి రంగు మారడం. చుక్కలు కొంత తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. అప్పటి నుంచి ఏ తీపి పడినా, కనిపించినా కనిపించకపోయినా, ఆ రోజే నీటితో తీయడం అలవాటు చేసుకున్నాను.

చూయింగ్ గమ్ అంటుకుంటే?

లాగవద్దు. మెత్తగా ఉన్న గమ్‌ను లాగిన కొద్దీ అది తీగలా సాగి మరిన్ని పోగులను పట్టుకుంటుంది. దానికి కావలసింది చలి. బట్ట చిన్నదైతే గమ్ పైకి ఉండేలా మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫ్రీజర్‌లో ఒక గంట నుంచి రెండు గంటలు ఉంచండి. పెద్ద బట్ట అయితే మంచు ముక్కలను మూతి కట్టిన సంచిలో వేసి గమ్ మీద ఆనించి పట్టుకోండి. మంచు నేరుగా తగిలితే కరిగిన నీరు పట్టు మీద మరో మరక వేస్తుంది. గమ్ గట్టిపడి పెళుసుగా మారినప్పుడు చెంచా అంచుతో మెల్లగా తడితే పలుకులుగా విరిగి రాలుతుంది. మళ్ళీ మెత్తబడటం మొదలైతే ఆపేసి మళ్ళీ చల్లబరచాలి. ఒక్కసారికే అంతా రావాలని పట్టుబట్టకండి, మూడు నాలుగు విడతలు పట్టడం మామూలే.

పలుకులన్నీ పోయాక నేతలో చిక్కుకున్న పలుచని పొర మిగులుతుంది. దానికి దూది కొసతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (కింద ఆల్కహాల్ అన్న చోటల్లా ఇదే) కొద్దిగా అద్ది, పొడి గుడ్డతో పీల్చాలి. దాని బదులు సర్జికల్ స్పిరిట్ వాడేవారు సీసా మీద రాసినది చదవడం మంచిది, కొన్ని రకాల్లో ఆముదం కూడా కలుస్తుంది, అప్పుడు గమ్ పోయి జిడ్డు మిగులుతుంది. గమ్ మీద కాగితం పెట్టి వేడి ఇస్త్రీ చేస్తే కాగితానికి అంటి వస్తుందనే చిట్కా మందపాటి నూలుబట్టలకు ఒకవేళ పనికిరావచ్చు, సున్నితమైన వాటికి మాత్రం నేను ఎప్పుడూ సూచించను.

కొవ్వొత్తి మైనం కారితే ఇస్త్రీ చేయవచ్చా?

చేయవచ్చు, కానీ అది రెండో మెట్టు. ముందు గమ్ లాగానే చల్లబరచి, గట్టిపడిన మైనాన్ని వీలైనంత విరిచి తీసేయాలి. ఇది వదిలేసి నేరుగా ఇస్త్రీ పెడితే కరిగిన మైనమంతా పక్కలకు పాకుతుంది. కొవ్వొత్తుల్లో వాడే పారఫిన్ మైనం సాధారణంగా 46 నుంచి 68 డిగ్రీల మధ్య కరుగుతుంది, ఒక చుక్క వేడి దానికి ఎక్కువే. బట్టకు పైనా కిందా అచ్చు లేని తెల్ల కాగితం లేదా టిష్యూ పెట్టి, ఆవిరి ఆపేసి, అతి తక్కువ వేడిలో పెట్టెను రెండు మూడు సెకన్లు ఆనించి ఎత్తండి. కాగితం మీద జిడ్డు మచ్చ కనిపిస్తుంది. కాగితం మార్చి మళ్ళీ చేయండి, కొత్త కాగితం పొడిగా వచ్చే వరకు. వార్తాపత్రిక పెట్టవద్దు, దాని సిరా బట్టకు దిగుతుంది. వెల్వెట్‌కు ఈ పద్ధతి పనికిరాదు, నూగు అణిగిపోతుంది.

రంగు కొవ్వొత్తి అయితే మైనం పోయాక రంగు మిగులుతుంది. దానికి కూడా ఆల్కహాల్ అద్దడమే, పరీక్ష చేసిన తరువాత.

స్టిక్కర్, టేపు అంటించి తీసిన చోట జిగట మిగిలిపోయింది. ఏం చేయాలి?

విచిత్రంగా అనిపించినా, మొదటి మందు మరో టేపు ముక్కే. కొత్త టేపును వేలికి జిగట వైపు బయటకు ఉండేలా చుట్టుకుని, మరక మీద తేలికగా తట్టి ఎత్తండి. జిగురుకు బట్ట మీద కంటే జిగురు మీదే ఎక్కువ పట్టు కనుక పైపొర చాలావరకు దానికి అంటుకుని వచ్చేస్తుంది. బట్టకు తడి తగలదు, రాపిడి తగలదు, అందుకే నేను దీనితోనే మొదలుపెడతాను. మరీ బలమైన టేపు తీసుకోవద్దు, నూగు బట్టలపై అది నూగునే పీకుతుంది.

మిగిలినదానికి ఆల్కహాల్ అద్దాలి. దానికీ లొంగకపోతే రంగులేని వంటనూనె ఒకటి రెండు చుక్కలు జిగురు మీదే వేసి పది నిమిషాలు ఉంచితే అది మెత్తబడి వేలి కింద ఉండలు కడుతుంది. అయితే ఇది ఒక మరకను పంపడానికి మరో మరకను పిలవడమే. నూనెను వెంటనే డిటర్జెంట్ నీటితో తీయగలిగిన బట్టకే ఈ పని చేయాలి, నీరు తగలకూడని పట్టుకు చేయకూడదు.

జిగుర్ల సంగతి ఏమిటి? తెల్ల జిగురు, సూపర్ గ్లూ ఒకటేనా?

రెండింటికీ పోలికే లేదు. కాగితాలకు, చెక్కకు వాడే తెల్ల జిగురు తడిగా ఉన్నంత సేపు చల్లని నీటితోనే పోతుంది, కాబట్టి అక్కడ తొందరే మంచిది. ఆరిపోతే గోరువెచ్చని డిటర్జెంట్ నీటిలో నానబెట్టి మెత్తబరచి, పొరను చెంచాతో ఎత్తి, మిగిలినదానికి ఆల్కహాల్ అద్దాలి.

సూపర్ గ్లూ విషయంలో తొందర పనికిరాదు. తడిగా ఉన్న సూపర్ గ్లూను దూదితో గానీ నూలుగుడ్డతో గానీ తుడవబోవద్దు. నూలు, ఉన్ని పోగులు తగిలితే అది ఒక్కసారిగా గట్టిపడుతూ చర్మం కాలేంత వేడిని పుట్టించగలదు. దానిని కదపకుండా పూర్తిగా ఆరనివ్వండి. ఆరిన పొరను రెండు వేళ్ళ మధ్య మెల్లగా వంచితే కొంత పగిలి రాలుతుంది. మిగిలినది అసిటోన్‌కే లొంగుతుంది. పట్టు, ఉన్ని, నూలు పోగులను అసిటోన్ కరిగించదు గానీ వాటి మీది రంగును దించవచ్చు. పోగు అసిటేట్ అయినా, ఏమిటో తెలియకపోయినా అసిటోన్ సీసా మూత కూడా తీయవద్దు. రెండు గొట్టాల్లో వచ్చి కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురు ఆరిన తరువాత బట్ట నుంచి పోదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే బట్టకు అదనపు గాయం తప్పుతుంది.

నెయిల్ పాలిష్‌ను రిమూవర్‌తో తీసేయవచ్చు కదా?

ఇక్కడే నా చేదు అనుభవం. ఒక కోటు లోపలి లైనింగ్ మీద నెయిల్ పాలిష్ చుక్క పడితే, గోళ్ళకు వాడే రిమూవర్‌నే దూదికి తడిపి అద్దాను. మొదటి అద్దుకు ఎర్రరంగు దూదికి వచ్చింది, సంతోషించాను. రెండో అద్దుకు దూది లైనింగ్‌కు అతుక్కున్నట్టు అనిపించింది. ఎత్తి చూస్తే దూదికీ బట్టకూ మధ్య సన్నని తీగలు సాగుతున్నాయి, సాలెగూడు పోగుల్లా. మరక ఉన్న చోట చుట్టూ అంచు గట్టిపడిన రంధ్రం మిగిలింది. లైనింగ్ అసిటేట్, రిమూవర్ అసిటోన్. చేతిలో లేబుల్ ఉండి కూడా చదవలేదు, తప్పు పూర్తిగా నాదే.

అసిటోన్ లేని రిమూవర్ అయితే ఫరవాలేదా అని అడుగుతారు. వాటిలో చాలావాటిలో ఉండే ఇథైల్ అసిటేట్ కూడా ఈ పోగుకు హాని చేసేదే. పట్టు మీద, పరీక్షలో రంగు దిగలేదని తేలితే, మరకను కింది గుడ్డ వైపు తిప్పి వెనుక నుంచి కొద్దికొద్దిగా అసిటోన్ అద్దవచ్చు. పాలిస్టర్‌కూ అంతే.

చెట్టు బంక అంటితే?

చల్లబరచి గట్టి భాగం విరిచేసి, మిగిలినదానికి ఆల్కహాల్ అద్దండి. చాలావరకు చెట్ల రెసిన్ ఆల్కహాల్‌లో కరుగుతుంది. నీటిలో నానితే ఉబ్బే రకం బంక అయితే గోరువెచ్చని నీరే చాలు.

వెనిగర్, వంటసోడా, నిమ్మరసం, టూత్‌పేస్ట్ చిట్కాలు పనిచేస్తాయా?

పలుచన చేసిన తెల్ల వెనిగర్‌కు ఒక నిజమైన ఉపయోగం ఉంది. పట్టును, ఉన్నిని ఉతికాక చివరి జాడింపు నీటిలో కొద్దిగా కలిపితే పోగులో మిగిలిన క్షారాన్ని అది చంపేస్తుంది. స్టిక్కర్ జిగురును కరిగించే శక్తి మాత్రం దానికి పెద్దగా లేదు. వంటసోడా క్షారం, పైగా ముద్దగా చేసి రుద్దితే గరుకు. పట్టుకు, ఉన్నికి రెండు విధాలా చెరుపే. నిమ్మరసం రంగును వెలిసేలా చేయగలదు, దానిలోనూ చక్కెర ఉంటుంది, సరిగా జాడించకపోతే పైన చెప్పిన గోధుమరంగు కథ మళ్ళీ మొదలవుతుంది. టూత్‌పేస్ట్ పళ్ళకే ఉంచండి.

ఎంజైమ్ ఉన్న బట్టల పొడి వాడవచ్చా? వాషింగ్ మెషీన్‌లో వేయవచ్చా?

చాలా డిటర్జెంట్లలో ప్రోటీన్ మరకలను విరగగొట్టే ఎంజైములు కలుపుతారు. పట్టు, ఉన్ని కూడా ప్రోటీన్లే కాబట్టి ఆ ఎంజైముకు మరకకూ బట్టకూ తేడా తెలియదు. వీటికోసం ప్రత్యేకంగా తయారైన డిటర్జెంట్ గానీ, అదీ లేకపోతే కొద్దిగా పసిపిల్లల షాంపూ గానీ వాడండి. మెషీన్ విషయానికొస్తే, జిగట మరక పూర్తిగా పోయిందని తేలే వరకు వద్దు. గమ్ గానీ జిగురు గానీ మిగిలి ఉంటే తిరుగుడులో పక్క బట్టలకూ పాకుతుంది.

మరక పోయింది కానీ నీటి వలయం మిగిలింది. ఎలా పోగొట్టాలి?

ఈ ప్రశ్న పట్టు విషయంలోనే ఎక్కువగా వస్తుంది. నీరు తడి పొడి కలిసే అంచు వరకు పాకుతూ, పోగులోని మెరుగు పదార్థాన్నీ కొద్దిపాటి మురికినీ తోసుకుపోయి అక్కడ వదిలేస్తుంది. అదే వలయం. నీటితో ఉతకదగిన బట్ట అయితే మొత్తం భాగాన్ని ఒక కుట్టు నుంచి మరో కుట్టు వరకు సమానంగా తడిపి, తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో పరిచి ఆరవేస్తే తడికి అంచే ఉండదు కనుక వలయమూ ఏర్పడదు. పిండవద్దు, మెలిపెట్టవద్దు.

చిన్న చోట పని చేసేటప్పుడు, తడి మధ్యలో ఎక్కువగా, బయటకు పోయే కొద్దీ తక్కువగా ఉండేలా అంచులను పొడి గుడ్డతో అద్దుతూ పలుచబరచండి. హెయిర్ డ్రయ్యర్ వాడితే చల్లగాలి మాత్రమే, అదీ అంచుల నుంచి మధ్యకు.

వెల్వెట్, లేసు, పూసలు, లోహపు దారాలు ఉన్నవాటికి ఏమైనా తేడా ఉందా?

వెల్వెట్‌ను నూగు వాలిన దిశలోనే అద్దాలి, ఆరాక వెనుక నుంచి ఆవిరి చూపి మెత్తని బ్రష్‌తో నూగును లేపాలి. లేసు కింద తెల్లగుడ్డ పరిచి, తడిసిన దానిని ఎప్పుడూ ఒక కొస పట్టుకుని వేలాడదీయకుండా గుడ్డతో సహా ఎత్తాలి, ఎందుకంటే తన తడి బరువుకే అల్లిక సాగుతుంది. పూసలు, చమ్కీలు చాలా సందర్భాల్లో జిగురుతో అంటించినవై ఉంటాయి; మీ మరక జిగురును కరిగించే ద్రావకం వాటి జిగురునూ కరిగిస్తుంది, చమ్కీల రంగునూ దించుతుంది. జరీ వంటి లోహపు దారం ఉన్న చోట వెనిగర్, నిమ్మరసం వద్దు, లోహం నల్లబడుతుంది. ఇలాంటి చోట్ల చల్లబరచి విరవడం, టేపుతో తట్టి ఎత్తడం వరకే నా సలహా.

ఎప్పుడో పడి ఎండిపోయిన పాత మరకలకు ఆశ ఉందా?

చక్కెర మరకలకు చాలా ఉంది. గ్లిసరిన్‌ను సమానంగా గోరువెచ్చని నీటితో కలిపి, మరక మీద అద్ది, అరగంట ఉంచితే గట్టిపడిన జిగట తేమ పట్టి మెత్తబడుతుంది. ఆ తరువాత మామూలు పద్ధతే. తెల్లని పట్టు మీద మిగిలిన లేత పసుపుకు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పరీక్షించి కొద్దిగా అద్దవచ్చు. రంగు బట్టలకు కాదు. స్టిక్కర్ జిగురు మాత్రం ఏళ్ళు గడిచే కొద్దీ పచ్చబడి పోగుకు గట్టిగా పట్టేస్తుంది, కనుక అక్కడ మరక మసకబడితే చాలని సంతృప్తి పడవలసి రావచ్చు.

ద్రావకాలు వాడేటప్పుడు ఇంట్లో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

కిటికీలు తెరవండి, పొయ్యి, దీపం, సిగరెట్ ఏవీ దగ్గర ఉండకూడదు. అసిటోన్ ఆవిరి సున్నాకు దిగువ 20 డిగ్రీల చలిలో కూడా నిప్పంటుకోగలదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఆ హద్దు సుమారు 12 డిగ్రీలు; అంటే గది వాతావరణంలో రెండూ నిప్పుకు సిద్ధంగా ఉన్నవే. సీసాను బట్ట మీద వంచకుండా దూదికే పోయండి. ద్రావకం పూర్తిగా ఆరి వాసన పోయాకే ఇస్త్రీ గానీ మెషీన్ గానీ. పెట్రోలుతో మరకలు తీసే అలవాటు ఎంత పాతదైనా మానేయవలసినదే. బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ అమోనియా ఉన్న ద్రవాలతో గానీ కలిపితే విషవాయువు పుడుతుంది, ఆ ప్రయోగం వద్దు.

ఎప్పుడు ఆపి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాలి?

పరీక్షలో రంగు దిగితే, మరక అరచేతి కంటే పెద్దదైతే, బట్ట పాతబడి పోగు పెళుసుగా ఉంటే, లేదా రెండు విడతలు ప్రయత్నించినా మరకలో మార్పు లేకపోతే ఆపేయండి. మూడో ప్రయత్నంలో సాధారణంగా పోయేది మరక కాదు. ఇచ్చేటప్పుడు మరక ఉన్న చోట చుట్టూ వదులుగా దారంతో కుట్టి గుర్తు పెట్టండి, అంటుకునే చీటీ మాత్రం అతికించవద్దు. ఏమి పడింది, ఎప్పుడు పడింది, ఇంట్లో మీరు ఏమేమి రాశారు అన్నవి దాచకుండా చెప్పండి. నూనె రాశామని చెప్పడానికి మొహమాటపడి ఊరుకుంటే, వారు నీటితో మొదలుపెట్టి ఆ నూనెను బట్టంతా పరిచే అవకాశం ఉంది.